అట్లాంటిక్ బిడారులో మన ఖలాసీలు

గోదావరి మీద లాంచీ నడిపే మనిషిని మనం సరంగు అంటాం. విశాఖ, కాకినాడ రేవుల్లో సరుకులు దించే వారిని కళాసీలంటాం. ఈ రెండు మాటలూ ఓడల మీద పుట్టి పెరిగి మన ఊళ్ళకు వచ్చినవే. సరంగు అనేది ఫార్సీ మాట. నాయకుడని దాని అర్థం. అట్లాగే సైన్యం అనే అర్థం గల లష్కర్ అన్న మాటను పట్టుకొని ఇంగ్లీషువాళ్ళు మన దేశపు ఓడ పనివాళ్ళందరికీ 'లాస్కర్' అని పేరు పెట్టారు. పేరు సైన్యానిది, పని కూలీది. కాని 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక ఈ కూలీలు చూసిన యుద్ధం చాలామంది సైనికులు కూడా చూడలేదు.

ఆ యుద్ధాన్ని గురించి పుస్తకాలున్నాయి, సినిమాలున్నాయి. వాటిలో యుద్ధనౌకలుంటాయి, జలాంతర్గాములుంటాయి, పతకాలు పెట్టుకున్న అధికారులుంటారు. ఓడ అడుగున బొగ్గు వేసిన మనిషి మాత్రం కనిపించడు. ఆ మనిషిని గురించి నాలుగు మాటలు చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

బిడారు ఎందుకు కట్టారు?

బ్రిటన్ ఒక ద్వీపం. తినే తిండిలో సగానికి పైగా, మోటార్లకు కావలసిన నూనె దాదాపు అంతా సముద్రం మీదనే రావాలి. యుద్ధానికి ముందు ఏటా సుమారు ఐదున్నర కోట్ల టన్నుల సరుకు ఆ దేశానికి దిగుమతి అయ్యేది. ఈ దారి మూసేస్తే తుపాకి పేల్చకుండానే బ్రిటన్‌ను లొంగదీయవచ్చునని జర్మనీ లెక్క వేసింది. ఆ పని 'యూ బోట్' అనే జలాంతర్గాములకు అప్పగించింది.

దోపిడీగాళ్ళున్న దారిలో పూర్వం వర్తకులు ఒంటరిగా పోయేవారా? బిడారు కట్టి, కాపలా పెట్టుకొని పోయేవారు. సముద్రం మీద కూడా అదే ఉపాయం. ముప్పై, నలభై, ఒక్కొక్కప్పుడు అరవై సరుకు ఓడలు ఒకచోట చేరి, చుట్టూ యుద్ధనౌకలను పెట్టుకొని బయలుదేరేవి. దీనినే కాన్వాయ్ అన్నారు. కెనడాలోని హాలిఫాక్స్ రేవు నుంచి బ్రిటన్‌కు మొదటి కాన్వాయ్ 1939 సెప్టెంబరు 16న కదిలింది.

అన్ని ఓడలూ ఒకదాని వెనుక ఒకటి పోయేవి కావు. ఎనిమిది, పది వరుసలుగా, వరుసకు నాలుగైదు ఓడల చొప్పున, పొడవు తక్కువ, వెడల్పు ఎక్కువగా ఉండే దీర్ఘచతురస్రంలాగా సాగేవి. పక్కనుంచి కాల్చే శత్రువుకు తక్కువ ఓడలు కనబడాలని ఈ ఏర్పాటు. రాత్రి దీపం వెలిగించరాదు. పొగ ఎక్కువ రానీయరాదు. తోటి ఓడకు గుద్దుకోకుండా చీకట్లో దూరం చూసుకుంటూ పోవాలి. అన్నింటికంటే నిదానంగా నడిచే ఓడ ఎంత పోగలదో మిగిలినవీ అంతే పోవాలి. నిదానపు కాన్వాయ్‌లు గంటకు 7 నాటికల్ మైళ్ళు పోవడమే గగనం. అందువల్ల సముద్రం దాటడానికి రెండు వారాలు, ఒక్కొక్కప్పుడు అంతకంటే ఎక్కువ పట్టేది.

అన్నింటికంటే కఠినమైన నియమం ఇంకొకటి ఉంది. పక్క ఓడకు దెబ్బ తగిలినా, నీళ్ళలో మనుషులు కేకలు వేస్తున్నా మిగిలిన ఓడలు ఆగరాదు. ఆగితే తానూ గురి అవుతుంది గనుక. మునిగిన వారిని ఎత్తుకోవడానికని ప్రత్యేకంగా చిన్న ఓడలను వెంట పంపడం 1941 నుంచి గాని మొదలుకాలేదు.

ఓడ అడుగున ఎవరున్నారు?

యుద్ధం మొదలయ్యే నాటికి బ్రిటిష్ సరుకు ఓడల మీద పనిచేసేవారిలో సుమారు 50,000 మంది భారతీయులు. అంటే రమారమి నలుగురిలో ఒకరు. ఒకప్పుడు మన కోరంగి రేవు కూడా ఓడలకు పేరుపొందినదే. కాని ఆవిరి ఓడల కాలం వచ్చాక మనుషులను ఎక్కించుకోవడం ముఖ్యంగా కలకత్తా, బొంబాయి రేవుల్లోనే జరిగేది. సిల్హెట్, చిట్టగాంగ్, నోవాఖాలీ, రత్నగిరి, గుజరాత్ తీరం, పంజాబు, మీర్పూరు ప్రాంతాల నుంచి పేద రైతుల బిడ్డలు వచ్చి చేరేవారు. వీరిలో ఎక్కువమంది ముస్లింలు. వంటా వడ్డనా చూసేవారిలో గోవా క్రైస్తవులు చాలామంది.

ఓడ మీద పనిని మూడు భాగాలు చేశారు. డెక్కు, ఇంజను, వంట. డెక్కు గుంపుకూ, ఇంజను గుంపుకూ పెద్ద ఒక్కొక్క సరంగు. అతని కింద టిండాల్. కొలిమిలో బొగ్గు వేసేవాడు ఆగ్‌వాలా, యంత్రాలకు నూనె పోసేవాడు తేల్‌వాలా, బొగ్గు తెచ్చి అందించేవాడు కోయ్‌లావాలా, వంటవాడు భండారి. పేర్లు చూడండి, అన్నీ మనకు తెలిసిన మాటలే గదా!

ఇంజను గది నీటిమట్టానికి దిగువన ఉంటుంది. టార్పెడో వచ్చి తగిలేది కూడా అక్కడే. పైన డెక్కు మీద ఉన్నవాడికి పడవలోకి దూకే వ్యవధి దొరకవచ్చు. కింద ఉన్నవాడు చీకట్లో, పగిలిన గొట్టాల నుంచి చిమ్మే ఆవిరిలో, నిలువు నిచ్చెన వెతుక్కోవాలి. ఇనుప ఖనిజం వేసుకున్న ఓడ ఒకటి రెండు నిమిషాల్లో మునిగిపోయేది. నూనె ఓడ అయితే చుట్టూ ఉన్న సముద్రమే మండేది. ఈ సంగతులన్నీ తెలిసి కూడా మరునాడు తన వంతు గంట కొట్టగానే ఆగ్‌వాలా కిందికి దిగేవాడు.

జీతం మాట

ఇంత అపాయపు పనికి మన వాళ్ళకిచ్చిన జీతం ఎంత? అదే ఓడ మీద పనిచేసే తెల్ల నావికుడి జీతంలో నాలుగో వంతు, ఐదో వంతు. పడుకునే చోటు కూడా తక్కువే. యుద్ధం రాగానే తెల్లవారికి యుద్ధ భత్యం ప్రకటించారు. మాకేదీ అని మన వాళ్ళడిగారు. అడిగితే విననందువల్ల 1939 శరత్కాలంలో బ్రిటిష్ రేవుల్లో ఓడ కదలనివ్వమని కూర్చున్నారు. వందలాది మందిని జైళ్ళలో పెట్టారు. అయినా వెనక్కు తగ్గలేదు. సిల్హెట్ ప్రాంతానికి చెందిన కార్మిక నాయకుడు ఆఫ్తాబ్ అలీ, ఆయన నడిపిన నావికుల సమాఖ్య ఇక్కడ పట్టుబట్టి అడిగాయి. చివరకు యజమానులు జీతం పెంచక తప్పలేదు, యుద్ధ భత్యమూ ఇవ్వక తప్పలేదు. సమానం మాత్రం కాలేదు. చదువురాని మనుషులు, పరాయి దేశం, యుద్ధకాలం, అయినా ఐకమత్యం వల్ల ఇంత సాధించారంటే మనం గుర్తుంచుకోవలసిన మాటే.

ఇంకొక అన్యాయం అందరు నావికులకూ ఉండేది. ఓడ మునిగిన రోజుతో జీతం ఆగిపోయేది! పడవలో ప్రాణాలు చేతబట్టుకొని తేలుతున్న రోజులకు కూలి లేదన్నమాట. బ్రిటిష్ నావికులకు 1941 మే నెల ఉత్తర్వుతో గాని ఈ పద్ధతి మారలేదు.

'సిటీ ఆఫ్ బెనారస్'

ఒక్క ఓడ కథ చెబితే మిగిలినవి అర్థమవుతాయి. దాని పేరే మన కాశీ పట్టణం పేరు, 'సిటీ ఆఫ్ బెనారస్'. బాంబుల నుంచి కాపాడాలని బ్రిటిష్ ప్రభుత్వం పంపుతున్న 90 మంది పిల్లలతో, 1940 సెప్టెంబరు 13న లివర్‌పూల్ నుంచి కెనడాకు బయలుదేరింది. మొత్తం మీద నాలుగు వందల పైచిలుకు మనుషులు. అందులో నూట అరవైకి పైగా మన ఖలాసీలు.

సెప్టెంబరు 17వ తేదీ తెల్లవారుజామున కాపలా నౌకలు విడిచి వెళ్ళిపోయాయి. ఆ రాత్రి పది గంటల వేళ, తుఫాను గాలిలో, టార్పెడో తగిలింది. అరగంటలో ఓడ మునిగింది. దించుతుండగానే పడవలు తలకిందులయ్యాయి. సహాయానికి యుద్ధనౌక వచ్చేసరికి మరునాడు మధ్యాహ్నం దాటింది. ఆ 90 మంది పిల్లల్లో 77 మంది దక్కలేదు. మన ఖలాసీల్లో సుమారు నూరుమంది పోయారు. సెప్టెంబరు నెల ఉత్తర అట్లాంటిక్ చలిలో, పలుచని నూలు బట్టల్లో, నడుముదాకా నీళ్ళు నిండిన పడవల్లో కూర్చుండగానే ఒక్కొక్కరూ కొయ్యబారిపోయారు. వీళ్ళు పనికిరానివాళ్ళని తరువాత కొందరు నింద వేశారు. వేడి కొలిమి దగ్గర నుంచి లేచి వచ్చిన మనిషికి ఉన్ని కోటు ఎవరిచ్చారని మాత్రం వారు అడగలేదు.

ఒక పడవ లెక్కకు రాకుండా పోయింది. అది పన్నెండో నంబరు పడవ. అందులో 46 మంది ఉన్నారు. ఆరుగురు పిల్లలు, వారిని కనిపెట్టుకొని ఉన్న మేరీ కార్నిష్ అనే సంగీతం టీచరు, ఒక పాదిరి, కొందరు బ్రిటిష్ నావికులు, మిగిలిన ముప్పై మందికి పైగా మన ఖలాసీలే. నీళ్ళు కొలిచి గుక్కెడు చొప్పున పంచుకున్నారు. ఎనిమిదో రోజున, సెప్టెంబరు 25న, ఒక విమానం వారిని చూసింది. యుద్ధనౌక వచ్చి ఎక్కించుకుంది. ఆ పిల్లలు ఆరుగురూ బ్రతికారు. పేపర్లలో వారి ఫోటోలు వచ్చాయి, రావలసిందే. అదే పడవలో ఎనిమిది రోజులు అదే దప్పికతో ఉన్న ఖలాసీల కథ మాత్రం అంతగా ఎవరికీ పట్టలేదు.

గాలి మళ్ళింది

1943 మార్చిలో రెండు కాన్వాయ్‌లు కలిపి 22 ఓడలు మునిగాయి. ఇక బ్రిటన్ పని అయిపోయిందా అన్న భయం కలిగింది. కాని రాడార్ మెరుగైంది, శత్రువు రహస్య సంకేతాలు విప్పారు, దూరం పోగల విమానాలు సముద్రం నడిమి వరకు కాపలా కాశాయి. ఆ మే నెలలో ఒక్క నెలలోనే 41 జలాంతర్గాములు నాశనం కాగా, జర్మన్ సేనాధిపతి డోనిట్జ్ మిగిలినవాటిని ఉత్తర అట్లాంటిక్ నుంచి వెనక్కు పిలిపించుకున్నాడు. అయినా ఆరేళ్ళ ఆ పోరు ముగిసేనాటికి అట్లాంటిక్‌లో సుమారు 3,500 సరుకు ఓడలు మునిగాయి. జర్మన్ జలాంతర్గాముల్లో వెళ్ళిన కుర్రవాళ్ళు కూడా సుమారు 30,000 మంది తిరిగి ఇల్లు చేరలేదు. వారికీ తల్లులున్నారు.

ఈ యుద్ధం దూరదేశపు గొడవ అని మనమూ అనలేం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అదే రోజున మన బంగాళాఖాతంలోనే ఎన్నో సరుకు ఓడలు మునిగాయి.

రేవుల్లో మిగిలినవారు

ఓడ మునిగి బ్రతికినవారు, జబ్బుపడినవారు బ్రిటిష్ రేవుల్లో చిక్కుకున్నారు. లండన్ తూర్పు భాగంలో కమర్షియల్ రోడ్డు మీద మూడు ఇళ్ళు కొని 1941 ఆగస్టులో ఈస్ట్ లండన్ మసీదు తెరిచారు. అక్కడ నమాజుకు వచ్చినవారిలో చాలామంది ఈ బెంగాలీ నావికులే. కొందరు టీ దుకాణాలు పెట్టుకున్నారు, హోటళ్ళలో చేరారు. నేడు బ్రిటన్‌లో కనబడే సిల్హెట్ కుటుంబాలకు దారి వేసింది వారే.

పేర్లు ఎక్కడున్నాయి?

లండన్‌లో టవర్ హిల్ వద్ద సముద్రంలో పోయిన సరుకు ఓడల నావికుల స్మారకం ఉంది. రెండో యుద్ధానికి చెందిన సుమారు 24,000 పేర్లు అక్కడ లోహపు పలకల మీద ఉన్నాయి. మన ఖలాసీలవి అక్కడ లేవు. వారి పేర్లను పుస్తకంలో రాసి ఒక ప్రతి ముంబైలో, ఒక ప్రతి చిట్టగాంగ్ యుద్ధ సమాధుల తోటలో ఉంచారు. సరుకు ఓడల వారు దాదాపు 6,000 మంది, నౌకాదళం వారు 400 మందికి పైగా. వీరెవరికీ సమాధి లేదు. జనాజా లేవలేదు, పిడికెడు మట్టి వేసే భాగ్యం అయినవారికి దక్కలేదు. ఆ ఇళ్ళలో తల్లులు, ఇల్లాళ్ళు తలుపు చప్పుడైనప్పుడల్లా ఎన్నేళ్ళు లేచి చూశారో అల్లాహ్‌కే తెలుసు.

మన దేశంలో ఏటా ఏప్రిల్ 5న జాతీయ నౌకాయాన దినం జరుపుతారు. ఆ రోజున మన పిల్లలకు ఈ సరంగుల కథ, ఆగ్‌వాలాల కథ ఒక్కసారి చెప్పండి. ఇంకొక మనవి. మీ తాతలో, ముత్తాతలో ఓడ మీద పనిచేసి ఉంటే, వారి సర్వీసు పుస్తకమో, పాత ఫోటోనో, ఉత్తరమో ట్రంకుపెట్టె అడుగున ఉండవచ్చు. చెదలకు వదలకండి, చిత్తు కాగితాలవాడికి వేయకండి. దాని మీది పేరు, ఊరు, ఓడ పేరు ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. సముద్రం మనిషిని తీసుకున్నది. పేరునైనా మనం ఉంచుకుందాం.