కాయ కట్టని డేలిలీ కథ

ఇక్కడ న్యూజెర్సీలో జూన్ చివర రోడ్ల పక్కన నారింజ రంగు డేలిలీలు పూస్తాయి కదా, అదే మొక్క మా పెరట్లోనూ ఉంది. విత్తనాల కోసం మూడేళ్ళు ఎదురుచూశాను. ఒక్క కాయ నిలిస్తే ఒట్టు! ఎరువు చాల్లేదేమో, నీళ్ళు ఎక్కువయ్యాయేమో అని నన్ను నేనే తిట్టుకున్నాను. తప్పు నాది కాదని దీని చరిత్ర చదివాకే తెలిసింది.

ఈ మొక్క పుట్టిల్లు తూర్పు ఆసియా. 16వ శతాబ్దానికే యూరప్ చేరింది, అక్కడి నుంచి వలస వచ్చినవాళ్ళతో అమెరికాకి వచ్చింది. అయితే ఇదంతా విత్తనంతో కాదండీ, పిలకలతో. ఒకరి పెరట్లోంచి ఇంకొకరు తవ్వి తెచ్చుకోవడమే.

కాయ ఎందుకు కట్టదు? ఈ ప్రశ్న పట్టుకున్నాయన ఆర్లో బర్డెట్ స్టౌట్. 1876లో పుట్టారు. విస్కాన్సిన్‌లో అమ్మ పెంచిన డేలిలీలు కాయకపోవడం చిన్నప్పుడే గమనించారట. 1911లో న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో చేరాక దాని మీదే ఏళ్ళ తరబడి పనిచేశారు. మామూలు మొక్కకి క్రోమోజోములు రెండు సెట్లు, దీనికి మూడు. మూడు సెట్లని సమానంగా పంచడం కుదరదు, అందుకే విత్తనం కట్టదు.

ఆయన అక్కడితో ఆగలేదు. దీని పుప్పొడిలో కొంత పనికొస్తుంది. దాన్నీ, చైనా నుంచి తెప్పించిన రకాలనీ వాడి వేల సంకరాలు చేశారు. 1934లో 'థెరాన్' అనే ముదురు ఎరుపు డేలిలీని పరిచయం చేశారు. అంతకుముందు తోటల్లో ఉన్నవి ఎక్కువగా పసుపు, నారింజ రంగులే. ఈరోజు నర్సరీల్లో కనిపించే రంగుల వెనక ఆయన కష్టం చాలా ఉంది.

ఆ పని మనమూ చేయొచ్చు. కాయ కట్టే రకాలు రెండు తెచ్చుకోండి. పొద్దున్నే ఒకదాని పుప్పొడి ఇంకోదాని కీలాగ్రానికి అద్దండి. పువ్వు ఒక్కరోజే ఉంటుంది, రేపు చూద్దాంలే అనుకుంటే కుదరదు. కాయ ఎండి పగిలాక నల్లటి గింజలు తీసి, తడి కాగితంలో చుట్టి నెలరోజులు ఫ్రిజ్‌లో పెట్టి, తర్వాత నాటండి. పూలకి రెండు మూడేళ్ళు పడుతుంది. ఏ గింజ ఏ రంగు పూస్తుందో ముందే చెప్పలేం.

నావి పదకొండు మొలిచాయి. పూశాక చూపిస్తాను. అంతవరకూ సెలవు.