ఊరుమ్మడి జాగ – మన తీర్మానం

ప్రతి యేడు ఈ నివేదికలో పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు మీ ముందు పెడుతున్నం. ఈసారి వాటి పక్కన ఒక చరిత్ర కూడా పెడుతున్నం. అది మన ఊళ్ల, మన వాడల పార్కుల చరిత్ర. మహిళా సంఘాలకు, పార్కులకు ఏం సంబంధమని కొందరు అక్కలు అడగవచ్చు. సంబంధం ఉన్నది. అందరిదైన జాగ మీద ఎవరు కూసొని మాట్లాడుతరో, ఆ మాటను ఎవరు రాసిపెడుతరో, చివరికి ఆ జాగ వాళ్ల చెప్పుచేతల్లనే ఉంటది. ఆ మాట్లాడే చోటికి మనం ఎట్ల వచ్చినమో తెలుసుకుంటే, ముందు ఏం చేయాలెనో తెలుస్తది.

పెద్దమనుషుల కాలం

మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పార్కు అనే మాట కొత్తది. ఊరుమ్మడి జాగ మాత్రం పాతదే. చెరువు కట్ట, పశువులు మేసే బంచరాయి, బొడ్రాయి చుట్టున్న ఖాళీ, గుడి ముందటి రావిచెట్టు గద్దె, ఇవన్నీ అందరివి. కానీ వీటి మీద పంచాయితీ నడిస్తే కులానికొక పెద్దమనిషి కూసునేది. నీళ్లు మోసేది, పశువులను తోలుకపోయేది, కట్టెలు ఏరేది మనమైనా, మాట మనది కాకపోయేది.

ఇప్పటికీ మన దిక్కు చాలా ఊళ్లల్ల గ్రామాభివృద్ధి కమిటీలు ఉన్నయి. వీడీసీలు అంటం. బడికి, గుడికి మంచి పనులు చేసినవి ఉన్నయి. వేలంపాటలు పెట్టి, జరిమానాలు వేసి, మాట వినని ఇండ్లను వెలివేసినవి కూడా ఉన్నయి. ఈ కమిటీలకు చట్టబద్ధత లేదు. వాటిల్ల ఆడవాళ్లు కూసునుడు చాలా అరుదు.

చాప మీద నేర్చుకున్నది

1982లో డ్వాక్రా పథకం మొదలైంది. 1993లో 73వ రాజ్యాంగ సవరణ అమలుకు వచ్చి, పంచాయతీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకు దక్కినయి. అయినా గెలిచిన అక్క ఇంట్ల ఉంటే, ఆఫీసుల భర్త కూసున్న ఊళ్లు ఎన్నో ఉండె. సీటు వచ్చింది గానీ, సభల మాట్లాడే అలవాటు ఒక్కరోజుల రాదు కదా.

ఆ అలవాటు సంఘంల వచ్చింది. 2000లో వెలుగు ప్రాజెక్టు ఆరు జిల్లాల్లో మొదలైతే, అందులో ఆదిలాబాద్ ఒకటి. తర్వాతి దశలో కరీంనగర్ చేరింది. గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అని మెట్లు కట్టుకున్నం. చాప మీద గుండ్రంగ కూసునుడు, హాజరు తీసుకునుడు, ఎజెండా చదువుడు, అందరి ముందట అప్పు ఇచ్చుడు, తీర్మానం రాసి సంతకం పెట్టుడు, ఇవన్నీ పైసల కోసమే నేర్చుకున్నం అనుకున్నం. నిజానికి ఊరు నడిపే విద్యను కూడా అక్కడనే నేర్చుకున్నం. సంతకం పెట్టిన తీర్మానాన్ని రేపు ఎవ్వరూ కాదనలేరని మనకు పొదుపు పుస్తకమే నేర్పింది.

చట్టంల మన కుర్చీ

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చింది. రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలెనన్నది. పంచాయతీల్లో ముగ్గురు కో ఆప్షన్ సభ్యులను తీసుకోవాలెనని, అందులో ఒకరు గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు కావాలెనని రాసింది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలెననీ అదే చట్టం చెప్పింది. పట్టణాలకు 2019లో మున్సిపల్ చట్టం వచ్చింది. వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కోదాంట్ల 15 మంది ఉండాలె. వాటిల్ల ఒకటి మహిళల కమిటీ. పచ్చదనానికి బడ్జెట్‌ల పది శాతం కేటాయించాలె.

2020లో పల్లె ప్రకృతి వనాలు వచ్చినయి. ఊరికొక చిన్న పార్కు. నీళ్లు పోసుడు, కలుపు తీసుడు ఎక్కువగ ఉపాధి హామీ కూలీల పని, అందులో ఎక్కువమంది మన ఆడవాళ్లే. ఇచ్చోడ మండలం ముఖ్రా (కె) ఒక మహిళా సర్పంచ్ కాలంలో తడి చెత్తతోటి వర్మీ కంపోస్టు చేసి అమ్మి, పంచాయతీకి ఆదాయం తెచ్చి రాష్ట్రమంతా పేరు తెచ్చుకున్నది. అన్ని ఊళ్లల్ల అట్ల కాలేదు. కొన్ని వనాల్లో చెట్లు పెద్దగయినయి, కొన్నింటిల్ల ఎండాకాలం ట్యాంకర్ రాక మొక్కలు మాడిపోయినయి, కొన్నింటి గేట్లకు తాళం పడ్డది. మొక్కలు అన్ని ఊళ్లకు వచ్చినయి. వాటి గురించి నెలనెలా అడిగే మనుషులు అన్ని ఊళ్లల్ల లేరు.

2024 జనవరితో సర్పంచుల పదవీకాలం ముగిసింది. 2025 డిసెంబర్ ఎన్నికల దాకా దాదాపు రెండేండ్లు పంచాయతీలు ప్రత్యేకాధికారుల కింద నడిచినయి. ఆ కాలంలోనే సర్కారు బడుల మరమ్మతుకు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చినయి. వాటికి గ్రామ సమాఖ్య అధ్యక్షురాలే చైర్‌పర్సన్. సర్పంచ్ లేని నాడు కూడా సమాఖ్య ఉన్నది, పుస్తకం ఉన్నది. బడి పని మన చేతికి వచ్చినప్పుడు, బడి పక్కనున్న పార్కు పని మనది కాదని ఎట్ల అంటం?

బెంగళూరు ముచ్చట

పట్టణంల ఉన్న అక్కలకు ఒక ముచ్చట చెప్పాలె. బెంగళూరులో ఒక కాలనీకి పార్కు అని ప్లాన్‌ల చూపిన జాగను ప్రైవేటు ఆసుపత్రి కట్టుకోవడానికి ఇచ్చిన్రు. ఆసుపత్రి మంచిదే కదా అని ఊకోలేదు ఆ కాలనీవాళ్లు. కోర్టుకు పోయిన్రు. 1991లో సుప్రీంకోర్టు వాళ్ల దిక్కే తీర్పు చెప్పింది. పార్కు కోసం విడిచిన జాగ ప్రజలది, దాని గురించి అడిగే హక్కు అక్కడ ఉండేవాళ్లకు ఉన్నదని అన్నది. మన దగ్గర కూడా లేఔట్ చేసేటప్పుడు కనీసం పది శాతం జాగ ఖాళీగ విడిచి, మున్సిపాలిటీకో పంచాయతీకో రాసియ్యాలె. ఆ పది శాతం ఎక్కడుందో కాలనీలో ఎంతమందికి తెలుసు? తెలియని జాగే ముందు మాయమైతది.

ఇక చేయాల్సిన పని

ప్రతి గ్రామ సమాఖ్య, పట్టణంలో ప్రతి స్లమ్ సమాఖ్య ఈ యేడు ఒక మీటింగులో ఎజెండాల "ఊరుమ్మడి జాగ" అని ఒక అంశం పెట్టాలె. పార్కు సర్వే నంబర్ ఏంది, హద్దులు ఎక్కడ? ఎండాకాలం నీళ్లు ఎవరు పోస్తరు? పొద్దుమీకినాక లైటు వెలుగుతదా? ముసలవ్వ కూసునే గద్దె, పిల్లల ఊయల, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉన్నయా? తాళం ఎవరి దగ్గర ఉన్నది? జవాబులు తీర్మానం పుస్తకంల రాసి, నకలు పంచాయతీ కార్యదర్శికో వార్డు ఆఫీసర్‌కో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలె. గ్రామసభ నాడు ఆ పుస్తకం పట్టుకొని పదిమందిమి కలిసి పోవాలె.

వచ్చే యేడు నివేదికల పొదుపు లెక్కల పక్కన ఈ లెక్క కూడా రాస్తం: ఎన్ని సమాఖ్యలు అడిగినయి, ఎన్ని పార్కుల తాళాలు తెరుచుకున్నయి.