ప్యాంటు తొడిగిన ధైర్యం

అమెరికాలో లెస్బియన్ హక్కుల కథను చాలామంది సంఘాలతోనో ఊరేగింపులతోనో మొదలుపెడతారు. నా దృష్టిలో అది అంతకుముందే, ఫ్యాక్టరీ ఊళ్ల బార్లలో మొదలైంది. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో అలాంటి ఊరు. రెండో ప్రపంచయుద్ధం ఆడవాళ్లను ఫ్యాక్టరీ పనికి రప్పించింది. సొంత జీతం చేతికొచ్చింది. ప్యాంటుతో వీధిలో కనబడ్డా పనికెళ్లి వస్తోందిలే అనుకునేవారు. యుద్ధం ముగిశాక ఆడవాళ్లంతా గౌన్లలోకీ వంటిళ్లలోకీ తిరిగిపోవాలని దేశం కోరింది. కొందరు పోలేదు.

ఎలిజబెత్ లపోవ్‌స్కీ కెనెడీ, మాడలిన్ డేవిస్ బఫెలో బార్లలో కలుసుకున్న ఆ తరం లెస్బియన్ల జ్ఞాపకాలను ఏళ్ల తరబడి సేకరించి 1993లో పుస్తకంగా తెచ్చారు. అందులోని జంటల్లో ఒకరు బుచ్, ఒకరు ఫెమ్. బుచ్‌ది కత్తిరించిన జుట్టు, మగవాళ్ల చొక్కా. ఫెమ్‌ది గౌను, లిప్‌స్టిక్. బుచ్‌ని ఎవరైనా ఇట్టే గుర్తుపట్టేవారు కాబట్టి వీధి రౌడీల దెబ్బలు, పోలీసుల వేధింపులు ముందు ఆమెకే. ఫెమ్ మాత్రం ఒంటరిగా నడిస్తే ఎవరి కంటా పడదు. అయినా బుచ్ చేయి పట్టుకునే నడిచేది. వాళ్లు అలా కనబడబట్టే, తమలాంటివాళ్లు ఎక్కడ దొరుకుతారో కొత్తగా వచ్చిన అమ్మాయికి తెలిసేది.

ఆ బార్లు అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. న్యూయార్క్‌లోని బాగటెల్ బారు గుమ్మంలో నల్లజాతి స్త్రీనైన తనను గుర్తింపు కార్డు అడిగేవారని కవయిత్రి ఆడ్రే లార్డ్ 1982లో రాశారు. బఫెలోలో నల్లజాతి స్త్రీలు ఇళ్లలోనే పార్టీలు చేసుకునేవారు.

1955లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డాటర్స్ ఆఫ్ బిలిటిస్ అనే లెస్బియన్ సంఘం పుట్టింది. బార్లకు బయట, పోలీసు భయం లేకుండా కలుసుకోవాలన్నది దాని తొలి ఉద్దేశం. కానీ సమాజం మెచ్చే బట్టలూ నడవడీ అలవరచుకోమని సభ్యులకు హితవు చెప్పింది. 1965లో ఫిలడెల్ఫియాలో స్వలింగ ప్రేమికుల హక్కుల కోసం జరిగిన నిరసనలోనూ స్త్రీలు గౌన్లలో నడిచారు. ఉద్యోగాలు పోయే కాలంలో ఆ జాగ్రత్త అర్థమవుతుంది. అయినా, అందరికన్నా ఎక్కువ దెబ్బలు తిన్న మనిషినే వెనక్కి నెట్టడం నాకు బాధగానే ఉంటుంది.

1970లలో కొందరు స్త్రీవాదులు మరో వైపు నుంచి తప్పుపట్టారు. బుచ్-ఫెమ్ జంట మొగుడూపెళ్లాల నకలేనన్నారు. ఆ ఆరోపణ నిలవదు. తన సుఖం కన్నా తోడు సుఖమే ముఖ్యమని బఫెలో బుచ్‌లు గర్వంగా చెప్పుకున్నారు. ఆ కాలపు ఏ మొగుడి నకలు అది? 1981లో రచయిత్రి జోన్ నెసిల్ ఈ జంటలను వెనకేసుకొచ్చి ఘాటైన వ్యాసం రాశారు. బార్ల తరం ఉత్తరాలూ ఫొటోలూ చెత్తలో కలవకూడదని 1974లో మొదలైన లెస్బియన్ హర్‌స్టరీ ఆర్కైవ్స్ మొదట ఆమె అపార్ట్‌మెంట్‌లోనే ఉండేది.

ఆడతనానికి హద్దు ఎవరు గీయాలన్న తగువు మాత్రం తెగలేదు. 1976లో మొదలైన మిషిగన్ స్త్రీల సంగీతోత్సవం ట్రాన్స్ స్త్రీలను రానివ్వాలా వద్దా అన్న వివాదం నడుమ 2015లో ఆగిపోయింది. దేశంలో 1980లలో సుమారు 200 ఉన్న లెస్బియన్ బార్లు 2020 నాటికి పాతిక లోపుకు వచ్చాయి. మిగిలినవాటిలో చాలా బార్లు ట్రాన్స్ స్త్రీలనూ, ఆడామగా అన్న గీతల్లో ఇమడనివాళ్లనూ రమ్మంటున్నాయి.