మెట్ట ప్రాంత కార్యాలయాల్లో వేగవంతమైన వైఫై: నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే విద్యుత్తు

నెల్లూరు: శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పశ్చిమాన ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో ప్రభుత్వ కార్యాలయాలు, విద్యాసంస్థల దైనందిన కార్యకలాపాలు నేడు ఇంటర్నెట్‌పై ఆధారపడి సాగుతున్నాయి. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయ వ్యవస్థ ప్రారంభమైన నాటి నుంచి ధ్రువపత్రాలు, పింఛన్లు, వేలిముద్రల ధ్రువీకరణ వంటి సేవలు గ్రామ స్థాయికి చేరాయి. నెట్ నిలిచిపోతే పక్క ఊళ్ల నుంచి వచ్చిన వృద్ధులు వరండాలో నిరీక్షించవలసిందే. అటువంటి సందర్భాల్లో అనేక పర్యాయాలు లోపం ఇంటర్నెట్ లైనులో కాక, వైఫై పరికరానికి కరెంటు అందకపోవడంలో ఉంటున్నది. ఈ సమస్యకు తక్కువ వ్యయంతో లభించే పరిష్కారాలను పాత్రికేయుల, అధికారుల సౌకర్యార్థం ఇక్కడ వివరించడమైనది.

2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్ చాలా వరకు విద్యుత్ స్తంభాల మీదుగానే సాగింది. అయితే ఫైబర్ కాంతిని మోసుకొస్తుంది గాని విద్యుత్తును తీసుకురాదు. గోడకు బిగించిన ఫైబర్ మోడెమ్‌కు ఒక ప్లగ్గు, వరండా పైకప్పులోని వైఫై యాక్సెస్ పాయింట్‌కు మరొక ప్లగ్గు అవసరమవుతాయి. సరఫరా ఆగినప్పుడు అధికారి గదిలోని కంప్యూటర్‌ను యూపీఎస్ కాపాడుతుంది, వరండాలోని యాక్సెస్ పాయింట్ మాత్రం ఆరిపోతుంది. పోనీ యాక్సెస్ పాయింట్‌ను యూపీఎస్ పక్కనే పెడదామంటే, వేగంగా పనిచేసే 5 గిగాహెర్ట్జ్ తరంగాలు పాత భవనాల మందపాటి గోడలను దాటడంలో బలహీనపడతాయి. కనుక పరికరం జనం కూర్చునే చోటనే ఉండాలి, కరెంటు మాత్రం యూపీఎస్ ఉన్న గది నుంచి రావాలి.

డేటా తీసుకువెళ్లే నెట్‌వర్క్ కేబుల్‌లోనే విద్యుత్తును కూడా పంపే ఏర్పాటును ‘పవర్ ఓవర్ ఈథర్‌నెట్’, సంక్షిప్తంగా ‘పీఓఈ’ అంటారు. 2003 నాటి 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం మూలం వద్ద 15.4 వాట్లు పంపితే పరికరానికి కనీసం 12.95 వాట్లు అందుతాయి. 2009 నాటి 802.3ఏటీ ప్రకారం 30 వాట్లు పంపితే 25.5 వాట్లు అందుతాయి. 2018 నాటి 802.3బీటీ ఈ పరిమితిని 90 వాట్ల వరకు పెంచింది. కళా విభాగ పట్టభద్రుడనైన నాకు ఈ నాలుగున్నర వాట్లు ఎటుపోతున్నాయన్నది మొదట బోధపడలేదు. 100 మీటర్ల తీగ నిరోధం వల్ల అవి వేడిగా మారి తీగలోనే ఖర్చవుతాయి. దూరం తక్కువైతే నష్టమూ తక్కువే.

కొనుగోలుకు ముందు చూడవలసినది యాక్సెస్ పాయింట్ గరిష్ఠంగా ఎన్ని వాట్లు కోరుతున్నదన్నది. రెండు బ్యాండ్ల సాధారణ వైఫై-6 పరికరాల్లో అనేకం ఏఎఫ్‌తోనే పనిచేస్తాయి. ఎక్కువ యాంటెన్నాలు గలవి ఏటీ కోరుతాయి. చాలని విద్యుత్తు ఇచ్చినప్పుడు కొన్ని పరికరాలు ఆగిపోవు, నిశ్శబ్దంగా వేగం తగ్గించుకుంటాయి. నింద ఇంటర్నెట్ సంస్థ మీద పడుతుంది.

ఒకటి రెండు యాక్సెస్ పాయింట్లున్న కార్యాలయానికి అన్నింటికన్నా చవకైన మార్గం ఇంజెక్టర్. ఇది లాప్‌టాప్ ఛార్జరంత పెట్టె. ఒక వైపు నుంచి డేటాను తీసుకుని, మరో వైపు నుంచి డేటాను, విద్యుత్తును కలిపి ఒకే కేబుల్‌లో పంపుతుంది. ఉన్న స్విచ్‌ను మార్చవలసిన పని లేదు. ప్రస్తుతం ఏఎఫ్ చాలినా 30 వాట్ల ఏటీ ఇంజెక్టర్ కొనడమే ఉచితం, రేపు పరికరం మారినా అది పనికి వస్తుంది. అయితే పాత ఇంజెక్టర్లలో కొన్ని రెండు జతల తీగల మీదనే డేటాను పంపుతాయి. వాటితో ఎంత ఖరీదైన యాక్సెస్ పాయింట్ పెట్టినా వేగం 100 మెగాబిట్లకు మించదు. ‘గిగాబిట్’ అని స్పష్టంగా రాసి ఉన్నదే కొనాలి. 2.5 గిగాబిట్ ఇంజెక్టర్లూ లభిస్తున్నాయి గాని, కార్యాలయానికి వచ్చే లైనే 100 మెగాబిట్లయితే ఆ ఖర్చు వృథా. ఆ వేగం నిజంగా అవసరమైన కళాశాలలు సైతం కేబుల్ మార్చనక్కరలేదు. 2016 నాటి 802.3బీజడ్ ప్రమాణం ప్రకారం గోడల్లో ఇప్పటికే ఉన్న క్యాట్-5ఈ కేబుల్ 100 మీటర్ల వరకు 2.5 గిగాబిట్ల వేగాన్ని మోయగలదు.

నాలుగు లేక అంతకు మించి యాక్సెస్ పాయింట్లున్న చోట పీఓఈ స్విచ్ మేలు. ఇక్కడ పోర్టుల సంఖ్యను చూసి మోసపోరాదు. ఎనిమిది పోర్టుల స్విచ్ మొత్తం సామర్థ్యం 60 వాట్లే అయితే, 30 వాట్ల పోర్టులు రెండు మాత్రమే నిండుగా పనిచేస్తాయి. పీఓఈ సదుపాయం లేని 12 వోల్టుల పాత రౌటర్లను కూడా పారవేయనక్కరలేదు. కేబుల్ చివర స్ప్లిటర్ అమర్చితే అది విద్యుత్తును వేరుచేసి 12 వోల్టులకు తగ్గించి ఇస్తుంది.

చవక పేరిట జరిగే పొరపాట్లలో రెండింటిని ప్రత్యేకంగా పేర్కొనాలి. మొదటిది ‘పాసివ్’ ఇంజెక్టర్. ప్రమాణబద్ధమైన మూలం అవతల తగిన పరికరం ఉన్నదని నిర్ధారించుకున్న తర్వాతే కరెంటు పంపుతుంది. పాసివ్ రకం అడగకుండానే పంపుతుంది. 24 వోల్టుల పాసివ్ పెట్టెతో ప్రమాణబద్ధమైన యాక్సెస్ పాయింట్ సాధారణంగా వెలగదు. 48 వోల్టులది పొరపాటున వేరే పరికరానికి తగిలిస్తే అది కాలిపోవచ్చు. రెండవది రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్. దీని నిరోధం రాగి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు. దూరం పెరిగేకొద్దీ కేబుల్ వేడెక్కి, యాక్సెస్ పాయింట్ పదేపదే ఆగి మొదలవుతుంది. కేబుల్‌లో ఆదా చేసిన సొమ్ము మరమ్మతులకే చాలదు.

యూపీఎస్ విషయం. మోడెమ్‌కు 10, యాక్సెస్ పాయింట్‌కు 15 వాట్ల చొప్పున మొత్తం 25 వాట్లనుకుంటే, 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ కొత్త బ్యాటరీలో ఉండేది లెక్కకు 84 వాట్-అవర్లు. మార్పిడి నష్టాలు పోగా సుమారు గంటన్నర నడుస్తుంది. 150 ఆంపియర్-అవర్ ఇన్వర్టర్ ఉన్న చోట ఈ భారం లెక్కలోకే రాదు. కరెంటు బిల్లు పరంగా చూస్తే, 15 వాట్ల పరికరం నిరంతరం నడిచినా రోజుకు 0.36 యూనిట్, సంవత్సరానికి 131 యూనిట్లు. పీఓఈ స్విచ్‌లలో కొన్నింటికి రాత్రివేళ పోర్టులను ఆపే ఏర్పాటు ఉంటుంది.

రోహిణీ కార్తె ఎండల్లో రేకుల కింద, మూసిన పెట్టెల్లో ఇంజెక్టర్లను ఉంచరాదు. ఒక భవనం నుంచి మరో భవనానికి రాగి కేబుల్‌ను ఆరుబయట లాగితే పిడుగుల వేళ రెండు వైపులా పరికరాలు దెబ్బతింటాయి. ఆ మేరకు ఫైబర్ వేసి, అవతలి భవనంలోనే ఇంజెక్టర్ పెట్టడం క్షేమకరం.

కొటేషన్లు పిలిచే కార్యాలయాలు ‘పీఓఈ ఇంజెక్టర్’ అని మాత్రమే రాస్తే అన్నింటికన్నా చవకైన పాసివ్ పెట్టె వచ్చే అవకాశం ఉంది. ‘802.3ఏటీ, 30 వాట్లు, గిగాబిట్’ అనీ, ‘పూర్తి రాగి క్యాట్-5ఈ లేక క్యాట్-6’ అనీ స్పష్టంగా పేర్కొనాలి. అడాప్టర్‌పై బీఐఎస్ నమోదు సంఖ్యను పరిశీలించాలి. సరుకు స్వీకరించే రోజున బిల్లుపై సంతకం చేసే ముందు భవనం మెయిన్ స్విచ్ ఆపి, వరండాలో నిలబడి సెల్‌ఫోన్‌లో వైఫై అందుతున్నదీ లేనిదీ చూసుకోవాలి.