వినాయకుడు పాలు తాగిన రోజు
1995 సెప్టెంబరు 21. ఢిల్లీ గుడిలో వినాయకుడు పాలు తాగుతున్నాడన్న కబురు సాయంత్రానికల్లా మా వీధికీ వచ్చింది. స్టీలు గ్లాసు, చెంచా పట్టుకుని నాయనమ్మ వెంట వరసలో నిలబడ్డాను. గంటన్నర. ముందున్నవాళ్లంతా "తాగాడు!" అని కళ్లొత్తుకుంటుంటే, మా దగ్గర తాగకపోతే ఎలా అన్నదే నా భయం. తొండం కింద చెంచా ఖాళీ అయింది. పొట్ట మీదుగా జారుతున్న తెల్లటి చార నాకు కనిపించింది. అయినా "తాగాడు" అనే అన్నాను.

శాస్త్రవేత్తలు రంగు కలిపిన పాలు పట్టి చూపించారు: తలతన్యత వల్ల పాలు చెంచా అంచు దాటి, విగ్రహం మీద పలచటి పొరగా కిందికి దిగుతాయి. లండన్ సౌతాల్ గుడిలోనూ అదే రోజు అవే వరసలు.

నాయనమ్మది భక్తి, దాన్ని తప్పుపట్టను. నన్ను తొలిచేది నా మాటే. 1951 నాటి మనస్తత్వవేత్త సాలమన్ యాష్ గీతల పొడవు పోల్చే ప్రయోగంలో, పక్కవాళ్లంతా తప్పు చెబుతుంటే తామూ అదే చెప్పిన కుర్రాళ్ల గురించి చదివినప్పుడు, చేతిలో ఆ చెంచా బరువు మళ్లీ తెలిసింది.