లెక్కలో దాగిన వేళలు

1882వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన న్యూయార్కు నగరమున పెర్ల్ వీధి కేంద్రమునుండి ఎడిసన్ మహాశయుడు విద్యుద్దీపములను వెలిగించిన నాడు, వెలుగును ఇంటింటికి చేర్చుటతోపాటు, ఎవరెంత వాడుకొనిరో తెలిసికొనుటయు నొక పెద్ద సమస్యయే అయ్యెను. ఆయన కల్పించిన మీటరు ఒక గాజుపాత్ర. అందలి ద్రావణమున రెండు తుత్తునాగపు పలకలు మునిగియుండెడివి. ఇంటికి పోవు విద్యుత్తులో అత్యల్పభాగము ఆ పాత్రగుండ ప్రవహింపగా, ఒక పలకనుండి లోహము కరగి రెండవదానిపై పేరుకొనెడిది. నెలకొకమారు సంస్థవారు పలకలను కొనిపోయి, కడిగి, ఆరబెట్టి, త్రాసున తూచి, బరువులోని మార్పునుబట్టి బిల్లు వ్రాసెడివారు. చలికాలమున ద్రావణము గడ్డకట్టకుండ పెట్టెలో నొక దీపమునుగూడ అమర్చిరి. ఇంత శ్రద్ధ వహించియు, తన గోడకున్న ఆ పెట్టెను చూచి గృహస్థుడు గ్రహింపగల విషయ మొక్కటియు లేకుండెను.

అనతికాలములోనే ముండ్లు తిరుగు మీటర్లు వచ్చెను గాని, అవియు నెల మొత్తమునే చెప్పెడివి. 1892లో జాన్ హాప్కిన్సన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, అందరును దీపములు వెలిగించు ఆ కొద్ది గడియలకొరకై యంత్రములును బాయిలర్లును నిరంతరము సిద్ధముగా నుండవలసివచ్చుటయే విద్యుత్సంస్థకు అసలు వ్యయమని నిరూపించెను. బ్రైటన్ పట్టణపు విద్యుత్ ఇంజనీరగు ఆర్థర్ రైట్ ఈ భావమునకు సాధనము నిర్మించెను. ప్రవాహపు వేడిమికి గాజుబుడ్డిలోని గాలి వ్యాకోచించి ద్రవమును ప్రక్క గొట్టములోనికి పొర్లించును. ఆ ద్రవము తిరిగి వెనుకకు రాదు గనుక, ఇంటివారి అత్యధిక వాడుక యెంతో అందు నిలిచిపోవును. దానినిబట్టి, ఎక్కువ గంటలు దీపములు వాడువారికి యూనిటు ధర తగ్గెను.

ఎడిసన్‌వద్ద కార్యదర్శిగా పనిచేసి, చికాగో విద్యుత్సంస్థకు అధిపతియైన శామ్యూల్ ఇన్సల్ 1894లో బ్రైటన్‌కు వచ్చి, చిన్న చిన్న అంగళ్లుసైతము దీపకాంతులతో వెలుగుచుండుట గాంచి, ఆ పద్ధతిని తన నగరమునకు కొనిపోయెను. ఈ చరిత్రలో నన్ను మిక్కిలిగ ఆకర్షించునది, తరువాత ఆయన ప్రకటించిన యొక లెక్క. చికాగోలో 193 వాటాలున్న ఇండ్ల సముదాయమున, ఒక్కొక్కరి అత్యధిక వాడుకలను కూడగా 68.5 కిలోవాట్లు తేలెను. అందరును కలిసి ఏకకాలమున కోరినది 20 కిలోవాట్లే! ఒకరు దీపములు వెలిగించు వేళ మరియొకరు ఆర్పియుండుటయే దీనికి కారణము. మనుష్యుల దినచర్యలలోని ఈ భేదమే చౌక విద్యుత్తుకు పునాది యయ్యెను. అయినను ఆ జ్ఞానము సంస్థల కార్యాలయములలోనే నిలిచిపోయెను. ఎవరి జీవితము నుండి ఆ యంకెలు పుట్టినవో వారికి చేరినది బిల్లు మాత్రమే. ఇది అన్యాయమని నా నిశ్చితాభిప్రాయము.

1980వ దశకమున మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున జార్జి హార్ట్, ఇంటి బయటి తీగలోని హెచ్చుతగ్గులనుబట్టియే లోపల నే పరికరము నడచుచున్నదో పోల్చు విధానమును కనిపెట్టి, అది కుటుంబ రహస్యములను బయటపెట్టగలదని తానే హెచ్చరించెను. అంకెలు తిరిగి గృహస్థుని చెంతకు చేరిన ప్రయోగము కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్‌లో జరిగి, 2007లో ప్రకటితమయ్యెను. ఇరుగుపొరుగువారి సగటు వాడుకను తెలుపు కాగితములు తలుపులకు వ్రేలాడదీయగా, అధికముగ వాడువారు తగ్గించిరి; తక్కువ వాడువారు మాత్రము సగటువైపు పెంచుకొనిరి. ఆ రెండవవారి కాగితముపై నొక నవ్వుమొగము గీయగా, వారును తమ పూర్వపు మితమునందే నిలిచిరి.