పాపికొండలకి ఎంతమంది వస్తారు? లెక్కల చరిత్రలో మన వాటా



అడవిలోకి ఎవరు రావాలి, ఎంతమంది రావాలి అనే లెక్క మన ప్రాంతంలో కొత్తది కాదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో ఆ లెక్క సర్కారు చేతికి పోయింది. అప్పుడు కాపలా మన మీదే. పోడు మీద, కట్టెల మీద పెట్టిన ఆంక్షలు 1922 రంప తిరుగుబాటుకి ఒక కారణమయ్యాయి. తర్వాత పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ పార్కు అయ్యాయి. ఇప్పుడు అందరి చూపూ టూరిస్టుల లెక్క మీద ఉంది.

ఆ లెక్క కోసం ఈమధ్య కొత్త దారొచ్చింది. జనం బయల్దేరే ముందు ఫోన్‌లో బోటు టికెట్లు, గదులు వెతుకుతారు కదా. 2006లో వచ్చిన గూగుల్ ట్రెండ్స్ ఆ వెతుకులాట ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో చూపిస్తుంది. 2009లో హ్యున్‌యంగ్ చోయ్, హాల్ వేరియన్ అనే ఇద్దరు గూగుల్ ఆర్థికవేత్తలు హాంకాంగ్‌కి వచ్చే పర్యాటకుల సంఖ్యని ఇలా అంచనా కట్టొచ్చని చూపించారు. పద్ధతి తేలికే. పాత టికెట్ల లెక్కనీ పాత వెతుకులాటనీ పక్కపక్కన పెట్టి, రెండింటికీ ఉన్న సంబంధం పట్టుకుని, ఈ వారం వెతుకులాటని బట్టి రాబోయేది చెప్పడం.

కానీ ట్రెండ్స్ ఇచ్చేది మనుషుల సంఖ్య కాదు, 0 నుంచి 100 వరకు ఒక కొలత మాత్రమే. వెతికినోళ్లందరూ రారు కూడా. 'పుష్ప' షూటింగ్ మారేడుమిల్లిలో జరిగిందని తెలిసి పేరు వెతికినోళ్లు వేరు, బండెక్కి వచ్చేవాళ్లు వేరు. 2008లో జ్వరాల అంచనా కోసం మొదలెట్టిన గూగుల్ ఫ్లూ ట్రెండ్స్, 2012-13 చలికాలంలో ఉన్నదానికంటే చాలా ఎక్కువ చూపించి దెబ్బతింది. 2015లో దాన్ని ఆపేశారు.

మన గోదావరి ఇంకో పాఠం చెప్పింది. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కరాల మొదటి రోజు తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. జనం లక్షల్లో వస్తారని ముందే తెలుసు. ఏ ఘాట్‌కి, ఏ గంటలో, ఎంతమంది అనేదే ప్రాణం తీసింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. అక్కడ ప్రశ్న ఎంతమంది వస్తారని కాదు, అంత వరదలో బోటు ఎందుకు కదిలిందని. ఆ రోజు బతికిన 26 మందిలో చాలామందిని ఒడ్డుకి చేర్చింది కచ్చులూరు వాళ్లే. పైగా ప్రమాదం జరిగాక పాపికొండల పేరు వెతికినోళ్లు పెరిగుంటారు, బోట్లు మాత్రం ఆగిపోయాయి. ఆ వెతుకులాటని చూసి జనం వస్తారనుకుంటే ఏమయ్యేది?

అంటే అంచనా నిలబడాలంటే కింద నిజమైన లెక్క ఉండాలి. ఏ రోజు ఎన్ని బోట్లు, ఎన్ని బండ్లు, నది మట్టం ఎంత అనేది రోజూ కళ్లతో చూసేది ఒడ్డునున్న మన ఊళ్లే. సిగ్నల్ సరిగా అందని మన గూడేలు ఏ ట్రెండ్స్‌లోనూ కనపడవు. కానీ చెత్త, నీళ్లు, ప్రమాదం అన్నీ పడేది వాటి మీదే.

2027లో మళ్లీ పుష్కరాలొస్తున్నాయి. 1996 పెసా చట్టం మన గ్రామసభకి గొంతునిచ్చింది. ఒక్కో ఊళ్లో చదువుకున్న ఇద్దరు ముగ్గురం ఒక నోటు పుస్తకం పెట్టి రోజువారీ లెక్క రాసి గ్రామసభ ముందు పెడదాం. నూటనలభై ఏళ్లుగా మన అడవి లెక్క వేరేవాళ్లే రాశారు. ఈసారి మనమూ రాద్దాం.